వరిమడి దోమ, వైరస్, మెదడు: మెదడువాపు వ్యాధిలో నాడీమండల రోగనిరోధక ప్రతిస్పందన, సాగునీటి యాజమాన్యం

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే వైరస్ వ్యాధిని తెలుగునాట మెదడువాపు వ్యాధిగా వ్యవహరిస్తారు. ఇది ప్రధానంగా పదిహేనేళ్లలోపు పిల్లలకు సోకుతుంది. డెంగీ దోమ ఇంటి తొట్టెలలోను, కుండలలోను పెరుగుతుంది. మెదడువాపు వైరస్‌ను మోసే క్యూలెక్స్ దోమ మాత్రం నీరు నిలిచిన వరిపొలంలో పెరుగుతుంది. రోగి ఆసుపత్రిలో కనిపించినా రోగవాహకం పుట్టేది మాగాణిలోనే. కాబట్టి ఈ వ్యాధి ఒక్క వైద్యశాఖకే సంబంధించినది కాదు. మడిలో నీరు ఎన్ని రోజులు నిలవాలో, యూరియా ఎప్పుడు చల్లాలో రైతుకు చెప్పే విస్తరణ శాస్త్రవేత్తకు కూడా దీనితో ప్రత్యక్ష సంబంధం ఉంది.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం ప్రాంతం ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి అనువైనది. ఒకవైపు తూర్పు కనుమలు, చింతపల్లి వైపు సాగే మన్యం. మరొకవైపు తాండవ జలాశయం కింద సాగయ్యే మాగాణి. తాండవ ఆయకట్టు సుమారు 51 వేల ఎకరాలు. ఖరీఫ్‌లో జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు పడతాయి. ఆ వెంటనే వర్షాలు, కాలువనీరు కలిసి మళ్లు వారాల తరబడి నిండి ఉంటాయి. కొంగలు మళ్లలో దిగుతాయి. పశువులు, కొన్ని గ్రామాలలో పందులు పొలాలకు చేరువలోనే ఉంటాయి. వైరస్ చక్రానికి కావలసిన అంగాలన్నీ ఇటువంటి మాగాణి గ్రామాలలో ఒకచోట చేరే అవకాశం ఉంది.

వ్యాధి చరిత్ర

జపాన్‌లో 1924లో ఈ వ్యాధి పెద్దయెత్తున ప్రబలింది. 1935లో అక్కడే ఒక మృతుని మెదడు నుంచి వైరస్‌ను వేరుచేశారు. భారతదేశంలో తొలి మానవ కేసులను 1955లో తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బర్ద్వాన్, బాంకురా జిల్లాలలోను, 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలోను ఇది తీవ్రరూపం దాల్చింది. 2005 నాటి ఉపద్రవంలో వెయ్యిమందికి పైగా మరణించారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనేక జిల్లాలలో ఈ వ్యాధి వ్యాపించి, 800కు పైగా కేసులు, 170కి పైగా మరణాలు నమోదయ్యాయి. మెట్ట జిల్లాగా పేరున్న అనంతపురం కూడా బాధిత జిల్లాలలో ఉండడం గమనార్హం. వ్యాధికి జిల్లా మొత్తం మాగాణిగా ఉండవలసిన పని లేదు. ఊరి పక్కన చెరువు కిందనో, బోరు కిందనో కొంత వరి ఉన్నా దోమకు చాలును. ఆ ఉపద్రవం ఖరీఫ్ వరి కోతకు వచ్చే నెలలలో సంభవించిందన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. వర్షాకాలమంతా పొలంలో పెరిగిన దోమ సంతతి, వైరస్ వ్యాప్తి అప్పటికి పతాకస్థాయికి చేరుతాయి.

వైరస్ చక్రం

వైరస్‌ను ప్రధానంగా మోసేది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమ. క్యూలెక్స్ విష్ణుయి వర్గానికి చెందిన మరికొన్ని దోమలు కూడా ఈ పనిచేస్తాయి. ఇవి సంధ్యవేళ నుంచి రాత్రంతా, ఎక్కువగా ఆరుబయట కుడతాయి. మనిషి రక్తం కంటె పశువుల రక్తాన్నే ఇష్టపడతాయి.

కొంగజాతి పక్షులు వైరస్‌కు సహజ ఆశ్రయాలు. పందిలో వైరస్ వేగంగా వృద్ధిచెంది, రక్తంలో అధిక మోతాదులో చేరుతుంది. అటువంటి పందిని కుట్టిన దోమలు అనేకం వైరస్ వాహకాలవుతాయి. ఆవులు, గేదెలు దోమలను ఆకర్షించినా వాటి రక్తంలో వైరస్ తగినంతగా వృద్ధి చెందదు. మనిషి రక్తంలో కూడా అంతే. అందువల్ల ఒక రోగి నుంచి దోమ ద్వారా మరొకరికి ఈ వ్యాధి సోకదు. వైరస్ దృష్టితో చూస్తే మనిషి దారి ముగిసిపోయే చోటు. అయినా ఆ చోటులోనే అది అత్యంత నష్టం కలిగిస్తుంది.

మెదడులో జరిగేది

వైరస్ సోకిన వారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనబడదు. సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే తీవ్రవ్యాధి వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తీవ్రవ్యాధి వచ్చినవారిలో మరణాలు 30 శాతం దాకా ఉండవచ్చు. బతికినవారిలో చాలామందికి పక్షవాతం, మూర్ఛలు, మాట పడిపోవడం, బుద్ధిమాంద్యం వంటి శాశ్వత లోపాలు మిగులుతాయి. ఈ తేడాకు కారణాన్ని శరీర రక్షణవ్యవస్థలో వెతకాలి.

దోమకాటుతో చర్మంలో ప్రవేశించిన వైరస్ మొదట అక్కడి రక్షణకణాలలోను, పిదప లింఫ్ గ్రంథులలోను వృద్ధిచెందుతుంది. కణంలో వైరస్ ఆర్‌.ఎన్‌.ఏ. కనబడగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీనును విడుదల చేసి పొరుగు కణాలను హెచ్చరిస్తుంది. కొద్దిరోజులలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఎక్కువమందిలో వైరస్ ఈ దశలోనే అణగిపోతుంది. అలా జరగనప్పుడు అది రక్తం ద్వారా మెదడుకు చేరుతుంది.

మెదడులోని రక్తనాళాల గోడలు గట్టిగా పెనవేసుకొని రక్త-మస్తిష్క అవరోధంగా పనిచేస్తాయి. ఈ గోడ ముందు కూలి, ఆ తరువాత వైరస్ లోపలికి వస్తుందని భావించడం సహజం. కాని 2015లో ప్రచురితమైన ఎలుకల పరిశోధనలో, వైరస్ మెదడులోకి ప్రవేశించి వాపు మొదలైన తరువాతనే అవరోధం దెబ్బతిన్నట్లు తేలింది. గోడను చెడగొట్టేది ప్రధానంగా లోపల పుట్టిన వాపు రసాయనాలే.

మెదడుకు సొంత కాపలాకణాలున్నాయి. వీటిని మైక్రోగ్లియా అంటారు. వైరస్ నాడీకణాలలో చేరగానే ఇవి మేలుకొని టి.ఎన్‌.ఎఫ్‌.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్‌లను విడుదల చేస్తాయి. వైరస్‌ను అదుపుచేసేందుకు వాపు కొంతవరకు అవసరం. అదుపు తప్పినప్పుడు మాత్రం వైరస్ సోకని నాడీకణాలు కూడా ఆ రసాయనాల వల్ల మరణిస్తాయి. హర్యానాలోని మానేసర్‌లో గల జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం 2007లో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా వివరించింది. చర్మం, కాలేయం వలె నాడీకణాలు తిరిగి పుట్టవు. కాబట్టి కొద్దిరోజుల వాపు జీవితాంతపు లోపంగా మిగిలిపోతుంది.

ప్రతిరక్షకాల పాత్ర కూడా నిర్ణాయకమైనదే. థాయిలాండ్‌లో 1980 దశకంలో జరిగిన అధ్యయనాలలో, వెన్నుద్రవంలో ఐ.జి.-ఎం. ప్రతిరక్షకాలు తక్కువగా ఉండి వైరస్ సజీవంగా దొరికిన రోగులు ఎక్కువగా మరణించినట్లు తేలింది. వెన్నుద్రవంలోని ఐ.జి.-ఎం. పరీక్షే నేటికీ వ్యాధి నిర్ధారణకు ప్రధాన ఆధారం.

చికిత్స పరిమితులు

వాపే హానికి మూలమైతే దానిని తగ్గించే మందుతో నయం కావాలి. ఈ తర్కంతో డెక్సామెథసోన్‌ను థాయిలాండ్‌లో పరీక్షించగా ప్రయోజనం కనబడలేదు. ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫాను వియత్నాంలో పిల్లలపై పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు, అదీ ఫలించలేదు. ఎలుకలలో మంచి ఫలితమిచ్చిన మైనోసైక్లిన్‌ను లక్నోలో రోగులపై పరీక్షించినప్పుడు గణాంకపరంగా స్పష్టమైన మేలు నిరూపణ కాలేదు. రోగి ఆసుపత్రికి చేరేసరికి నాడీకణాల నష్టం చాలావరకు జరిగిపోయి ఉండడం ఇందుకు ఒక ముఖ్యకారణం కావచ్చు. నేటికీ వైరస్‌ను చంపే నిర్దిష్టమైన మందు లేదు. మూర్ఛలను, మెదడులోని ఒత్తిడిని అదుపుచేసే సహాయక చికిత్స ఒక్కటే ఆధారం. అందువల్ల వైరస్ మెదడుకు చేరకముందే ఆపాలి. ఆ పని రెండుచోట్ల జరగాలి: టీకా ద్వారా పిల్లల శరీరంలో, నీటి యాజమాన్యం ద్వారా పొలంలో.

టీకా మొదటి రక్షణ. వ్యాధి ప్రబలే జిల్లాలలో సార్వత్రిక టీకా కార్యక్రమం కింద 9 నెలలు నిండినప్పుడు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి చొప్పున రెండు మోతాదులు ఇస్తారు. కర్ణాటకలోని కోలారులో 1981లో లభించిన వైరస్ రకంతో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ సహకారంతో రూపొందించిన జెన్‌వ్యాక్ టీకా 2013లో విడుదలైంది. టీకా పొందిన బిడ్డ రక్తంలో ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉంటాయి. వైరస్ మెదడు గడప తొక్కకముందే వాటికి చిక్కుతుంది.

పొలంలో చేయగలిగినవి

గుడ్డు నుంచి దోమగా మారడానికి మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఈ వ్యవధి ముగిసేలోగా మడి పూర్తిగా ఆరితే ఆ సంతతి అంతరిస్తుంది. తడి-ఆరుదల పద్ధతికి ఇదే జీవశాస్త్ర ఆధారం. నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాత తిరిగి 5 సెంటీమీటర్ల నీరు పెట్టే ఈ పద్ధతిని నీటి ఆదా కోసం ఇప్పటికే సిఫారసు చేస్తున్నారు. తమిళనాడులో జరిగిన పరిశోధనలలో అంతరాయాలతో నీరు పెట్టిన మళ్లలో దోమ పిల్లపురుగులు తగ్గాయి.

అయితే మూడు చిక్కులున్నాయి. మొదటిది, పిల్లపురుగులు పైరు గుబురుకట్టని తొలి వారాలలో అధికంగా ఉంటాయి. ఆ దశలోనే మడిని ఆరబెడితే కలుపు పెరుగుతుంది. కాబట్టి కలుపు యాజమాన్యం లేకుండా ఈ సిఫారసు చేయరాదు. రెండవది, అడుగుల గుంటలలో, గట్ల పక్కన నిలిచిన కొద్దిపాటి నీరే పిల్లపురుగులకు చాలును. దమ్ములో నేలను సమంగా చదును చేయడం దోమ నివారణలో భాగమే. మూడవది, మడి నుంచి మడికి నీరు పారే కాలువ ఆయకట్టులో ఒక్క రైతు ఆరబెట్టలేడు. ఒక తూము కింది రైతులందరు వంతులవారీగా కలిసి చేయాలి. ఎడతెగని వానలలో ఈ పద్ధతి సాగదు. వాన తెరపి ఇచ్చిన రోజులలోను, రబీలోను దీని ప్రయోజనం ఎక్కువ.

ఎరువుల విషయానికి వస్తే, యూరియా వేసిన తరువాత పిల్లపురుగుల సంఖ్య పెరిగినట్లు దక్షిణ భారత అధ్యయనాలలో గమనించారు. నత్రజనితో నీటిలో నాచు, సూక్ష్మజీవులు వృద్ధి చెందడం, అవే పిల్లపురుగులకు ఆహారం కావడం ఇందుకు కారణం. నీరు తీసి బురదపదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలన్న పాత సిఫారసు ఎరువు వృథాను తగ్గిస్తుంది; నీటిలోకి చేరే నత్రజని కూడా తగ్గుతుంది. మధురై కేంద్రంగా సాగిన పరిశోధనలలో వేపపిండి కలిపిన యూరియా, నీటి యాజమాన్యం కలిసి మంచి ఫలితమిచ్చాయి. నేటి వేపపూత యూరియాలో పూత పలుచన. కాబట్టి దాని నుంచి అదే ఫలితం ఆశించరాదు.

అనవసరంగా చల్లిన పురుగుమందు తూనీగ పిల్లలను, నీటినల్లులను చంపుతుంది. శత్రువులు లేని నీటిలో దోమ త్వరగా కోలుకుంటుంది. సమగ్ర సస్యరక్షణకు ఇది మరొక కారణం.

తొందరపాటు నిర్ణయాలు వద్దు

జ్వరం, మూర్ఛ ఉన్న ప్రతి బిడ్డకూ ఇదే వ్యాధి అనుకోరాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 183 మంది పిల్లలను బలిగొన్న వ్యాధికి కారణం చండీపుర వైరస్ అని తేలింది. దానిని మోసేది ఇసుక ఈగ. దానికి వరిమడితో పని లేదు. మన్యానికి ఆనుకొని ఉన్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో 2016లో పిల్లల మరణాలు సంభవించినప్పుడు కొందరిలో మెదడువాపు వైరస్ నిర్ధారణ కాగా, మరికొందరి విషయంలో కసివింద గింజల విషప్రభావమని నిపుణులు అభిప్రాయపడ్డారు. కసివింద పొలంగట్ల వెంట పెరిగే కలుపుమొక్క. దానిని పూతదశకు ముందే పీకించడం, పిల్లలు గింజలు తినకుండా చూడమని తల్లులకు చెప్పడం కూడా విస్తరణ కార్యక్రమంలో భాగం కావాలి.

నీటి యాజమాన్యం దోమలను తగ్గిస్తుంది. ఒక్క ఊరి మళ్లను ఆరబెట్టినంత మాత్రాన వ్యాధి పోతుందని రైతులకు హామీ ఇవ్వరాదు. ఖరీఫ్ నాట్లకు ముందు జరిగే రైతు సమావేశంలో నీటి వంతులతోపాటు పిల్లల టీకా కార్డుల ప్రస్తావన చేయడం, పందుల పాకలను ఇళ్లకు దూరంగా ఉంచమని చెప్పడం, సంధ్యవేళ పిల్లలకు ఒంటినిండా బట్టలు, రాత్రి దోమతెర అవసరమని గుర్తుచేయడం సులభమైన పనులు. జ్వరంతో మూర్ఛగాని, మగతగాని కనబడిన బిడ్డను నాటువైద్యంతో జాప్యం చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలని చెప్పడం వాటన్నిటికంటె ముఖ్యం. నాడీకణాల విషయంలో పోయిన గంటను తిరిగి తెచ్చే మందు లేదు.