కాలువ కట్టివేసినపుడు నీరెక్కడిది?

గోదావరి పశ్చిమ డెల్టాకు వెన్నెముక వంటి ప్రధాన కాలువ నిడదవోలు సమీపమున, విజ్జేశ్వరము వద్ద బయలుదేరుచున్నది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప ఈ కాలువలు పైరులకు నీరిచ్చుటయే గాక, పడవలకు బాటలు గూడ నైనవి. తరువాత రైలు వచ్చినది. నరసాపురము శాఖ చీలు జంక్షనుగా నిడదవోలు పెరిగినది. సరకులు పడవలను వీడి రైలుకు, లారీకి మారినవి. 1982 నాటికి పాత ఆనకట్టకు బదులు బ్యారేజి నిలిచినది. కాని కాలువల బరువు తగ్గలేదు.

కాలువ మోయగల నీరెంత? అడ్డుకోత వైశాల్యమును నీటి వేగముచే గుణించిన తెలియును. డెల్టా నేల చదునగుటచే వాలు స్వల్పము. వేగము పెంచుట కష్టము. ఒండ్రు పేరుకొన్నచో వైశాల్యము, గుఱ్ఱపుడెక్క అల్లుకొన్నచో వేగము తగ్గును. కాలువను వెడల్పు చేయుదమన్న చాలచోట్ల గట్టుమీదనే రోడ్డు, దాని ప్రక్కనే యిండ్లు. రోడ్డును వెడల్పు చేయుదమన్న కాలువ అడ్డము. రెండును ఒకే గట్టును కోరుచున్నవి.

ఒండ్రు తీయుటకు, గట్లు బాగుచేయుటకు వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అప్పుడు కాలువ నీటిపై ఆధారపడిన ఊళ్లకు చెరువులో నిలువచేసిన నీరే దిక్కు. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున, క్రొత్తగా చేరు 10,000 మందికి 13.5 లక్షల లీటర్లు కావలెను. కట్టివేత 50 దినములనుకొన్న 67,500 ఘనమీటర్లు. 3 మీటర్ల లోతున ఇది నిలువయుండుటకు సుమారు అయిదున్నర యెకరముల చెరువు వలయును. ఆవిరియగునది, ఇంకునది వేరు.

కనుక క్రొత్తపేటకు కొలతలు వేయునాడే చెరువునకును, గట్టునకును చోటు విడువవలెను. ఇండ్లు లేచిన పిదప కాలువను జరుపుట ఎవరితరము?