డిజిటల్ ప్లేట్ రివర్బ్: ఉక్కు రేకు మోతను అంకెలతో నిర్మించడం

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ప్రతిధ్వనికి, ప్రతినాదానికి మధ్య తేడా చెప్పగలుగుతారు.
- డటోరో అల్గారిథంలోని ప్రధాన భాగాలను వివరించగలుగుతారు.
- ప్రతినాదం ఎన్ని సెకన్లు నిలుస్తుందో లెక్కించగలుగుతారు.

9.1 పరిచయం

మీరు నంద్యాల జిల్లా దొర్నిపాడులో ఉన్నారనుకోండి. నాపరాళ్లు పరిచిన ఖాళీ గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. మీ చేతులు ఆగినా గది కాసేపు మోగుతూనే ఉంటుంది. అదే గదిలో శనగ బస్తాలు పేర్చిన తరువాత మళ్లీ కొట్టి చూడండి. ఆ మోత చాలావరకు తగ్గిపోతుంది. గట్టి రాయి ధ్వనిని వెనక్కి పంపుతుంది, గోనె బస్తాలు దానిని పీల్చుకుంటాయి.

పరావర్తనం చెందిన ధ్వని సుమారు 0.1 సెకను తరువాత విడిగా వినబడితే అది ప్రతిధ్వని. వందలాది పరావర్తనాలు చెవి విడదీయలేనంత దగ్గరగా కలిసిపోతే అది ప్రతినాదం. దీనినే రికార్డింగ్ రంగంలో రివర్బ్ అంటారు. పరుపులు, దుప్పట్లు ఉన్న చిన్న గదిలో ఫోనుతో రికార్డు చేసిన పాట పొడిగా వినిపించడానికి కారణం ఈ ప్రతినాదం లేకపోవడమే. దానిని తరువాత ఎలా చేర్చవచ్చో ఇప్పుడు చూద్దాం.

9.2 ప్లేట్ అంటే ఏమిటి?

1957లో జర్మనీలో ఇ.ఎమ్.టి. 140 అనే పరికరం వచ్చింది. అందులో సుమారు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 0.5 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు రేకును ఒక చట్రంలో బిగించి వేలాడదీశారు. ఒక డ్రైవరు పాటను రేకుకు కంపనాలుగా అందిస్తుంది. ఆ తరంగాలు అంచులకు తగిలి మళ్లీ మళ్లీ వెనక్కి వస్తాయి. రేకుపై ఉన్న పికప్ వాటిని తిరిగి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. మోత దట్టంగా ఉంటుంది, కానీ పరికరం బరువు పావు టన్నుకు పైనే. అందువల్ల ఇది పెద్ద స్టూడియోలకే పరిమితమైంది.

9.3 ఒక్క డిలే ఎందుకు చాలదు?

ధ్వనిని 100 మిల్లీసెకన్లు ఆపి, సగానికి తగ్గించి, మళ్లీ అదే డిలేలోకి పంపారనుకుందాం. మీకు వినిపించేది ‘టప్, టప్, టప్’ అనే ప్రతిధ్వనులే. డిలేను 5 మిల్లీసెకన్లకు తగ్గిస్తే దెబ్బలు కలిసిపోతాయి. కానీ అవి సెకనుకు 200 సార్లు వస్తాయి కాబట్టి, గొట్టంలో మాట్లాడినట్లు ఒక స్థిరమైన స్వరం పాటకు అంటుకుంటుంది.

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల ఆరంభంలో దీనికి ఆల్‌పాస్ ఫిల్టరును పరిష్కారంగా చూపారు. ప్రతి నమూనాకు చేయవలసిన లెక్క ఇదే:

కొత్త విలువ = ఇన్‌పుట్ − (గుణకం × పాత విలువ)
అవుట్‌పుట్ = పాత విలువ + (గుణకం × కొత్త విలువ)

కొత్త విలువను డిలేలో దాచాలి. అది నిర్ణీత సంఖ్యలో నమూనాల తరువాత ‘పాత విలువ’గా బయటికి వస్తుంది. ఈ ఫిల్టరు అన్ని పౌనఃపున్యాలనూ సమాన బలంతో వదులుతుంది, కాలంలో మాత్రం వాటిని చెదరగొడుతుంది.

9.4 డటోరో అల్గారిథం

జాన్ డటోరో 1997లో ప్రచురించిన వ్యాసంలో, డేవిడ్ గ్రీసింజర్ శైలిలో ఒక ప్లేట్ రివర్బ్‌ను పూర్తి అంకెలతో సహా ఇచ్చారు. నమూనా రేటు 29,761. ఇందులో మూడు దశలున్నాయి.

మొదటి దశ: ధ్వని వరుసగా నాలుగు ఆల్‌పాస్ ఫిల్టర్ల గుండా వెళుతుంది. వాటి డిలేలు 142, 107, 379, 277 నమూనాలు. మొదటి రెండింటి గుణకం 0.75, తరువాతి రెండింటిది 0.625.

రెండవ దశ: దీనిని ట్యాంక్ అంటారు. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒక దాని చివర రెండవ దాని మొదటికి, రెండవ దాని చివర మొదటి దానికి కలుస్తాయి. మొదటి భాగంలో 672 ఆల్‌పాస్, 4453 డిలే, 1800 ఆల్‌పాస్, 3720 డిలే ఉంటాయి. రెండవ భాగంలో ఇదే క్రమంలో 908, 4217, 2656, 3163 ఉంటాయి. ఒక్కో భాగంలో తారస్థాయి ధ్వనులను తగ్గించే ఫిల్టరు ఉంటుంది. మన గదిలో శనగ బస్తాలు చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది. 672, 908 డిలేలను నెమ్మదిగా కొద్ది నమూనాల మేర అటూ ఇటూ కదిలిస్తారు. దానివల్ల ఏ ఒక్క స్వరమూ స్థిరపడి మోగదు.

మూడవ దశ: ట్యాంకులోని ఏడు చోట్ల నుంచి ఎడమ చెవికి, మరో ఏడు చోట్ల నుంచి కుడి చెవికి విలువలు తీసుకుంటారు. వాటిలో కొన్నింటిని కూడి, కొన్నింటిని తీసివేస్తారు.

9.5 మోత ఎంతసేపు నిలుస్తుంది?

ట్యాంకులోని ఎనిమిది డిలేల మొత్తం 21,589 నమూనాలు. దీనిని 29,761తో భాగిస్తే ఒక పూర్తి చుట్టుకు సుమారు 0.725 సెకను. ఒక చుట్టులో ధ్వనిని క్షయ గుణకంతో నాలుగుసార్లు గుణిస్తారు. గుణకం 0.5 అయితే చుట్టుకు 24 డెసిబెల్స్ తగ్గుతుంది. 60 డెసిబెల్స్ తగ్గడానికి రెండున్నర చుట్లు, అంటే సుమారు 1.8 సెకన్లు పడుతుంది. (తారస్థాయిని తగ్గించే ఫిల్టరు ప్రభావాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.)

9.6 జాగ్రత్తలు

1. మీ రికార్డింగు నమూనా రేటు 44,100 అయితే ప్రతి డిలేనూ 1.482తో గుణించండి. అప్పుడు 142 అనేది 210 అవుతుంది. ఇది మరచిపోతే ప్రోగ్రాం నడుస్తుంది, తప్పు చూపదు; కానీ మీ రేకు చిన్నదైపోతుంది.
2. క్షయ గుణకం 1 అయితే మోత ఆగదు. 1 దాటితే చుట్టు చుట్టుకూ పెరిగి చెవికి, స్పీకరుకు హాని చేస్తుంది. మొదటి పరీక్షలో హెడ్‌ఫోన్ పెట్టుకోకండి.
3. మొదట పాటతో కాకుండా ఒకే ఒక్క నమూనాను 1గా, మిగిలినవి సున్నాగా పంపి వినండి. విడి దెబ్బలు లేదా ఒకే స్వరం వినిపిస్తే ఎక్కడో ఒక అంకె తప్పింది.

9.7 సారాంశం

ప్రతినాదం అంటే ధ్వనిని పునరావృతం చేయడం మాత్రమే కాదు. ఏ పునరావృతమూ విడిగా వినబడనంతగా వాటిని కలపడం. పావు టన్ను బరువున్న ఉక్కు చేసిన ఈ పనిని కూడికలు, తీసివేతలు, గుణకారాలతో మీ ఇంటి కంప్యూటరు చేయగలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 44,100 నమూనా రేటు వద్ద 379 డిలే ఎంత అవుతుంది?
2. క్షయ గుణకం 0.7 అయితే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుంది?

సమాధానాలు: 1. 562 నమూనాలు. 2. సుమారు 3.5 సెకన్లు.