పాత సైకిలుకి కొత్త చక్రాలు

పోయిన ఏడాది వేసవిలో మా నాన్నగారు ఆర్నెల్లు ఉండడానికి న్యూజెర్సీ వచ్చారు. రెండో వారానికే కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు అయిపోయింది ఆయనకి. ముప్ఫై ఏళ్ళు హెర్క్యులెస్ సైకిలు మీద బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. ఇక్కడ కారు నడపలేరు, బస్సు లేదు, లైబ్రరీ మైలున్నర దూరం. "పాలు తేవాలన్నా నువ్వు ఆఫీసు నుంచి రావాలేమిట్రా?" అన్నారొక రోజు. నవ్వుతూనే అన్నారు గాని, నాకు గుచ్చుకుంది.

మా గరాజులో ఒక పాత సైకిలు ఉంది. 1980ల తొలినాళ్ళది, ఉక్కు ఫ్రేము, వెనక ఆరు గేర్లు. గరాజ్ సేల్‌లో పాతిక డాలర్లకి కొన్నాను. ఫ్రేము గట్టిగానే ఉంది కాని, చక్రాల ఉక్కు రిమ్ములు తుప్పు పట్టాయి. పైగా వానలో తడిస్తే ఉక్కు రిమ్ము మీద బ్రేకులు సరిగా పట్టవు. ఇంకో మూల, ఫ్రేము పగిలి మూలపడ్డ నా టూరింగ్ సైకిలు తాలూకు అల్యూమినియం చక్రాలు ఉన్నాయి. ఇవి తీసి అక్కడ పెడితే సరి, ఒక శనివారం పని అనుకున్నాను. మూడు శనివారాలు పట్టింది. ఆ మూడు శనివారాల్లో నేర్చుకున్నదే ఈ నెల వ్యాసం.

పేరు ఒకటి, కొలత ఒకటి

సైకిలు టైరు మీద కనిపించే సైజులు చాలావరకు కొలతలు కావు, పేర్లు. పాత సైకిలు చక్రాలు "27 అంగుళాలవి". నా దగ్గర ఉన్నవి "700సి". ఒకప్పుడు ఫ్రాన్సులో, టైరుతో కలిపి వ్యాసం సుమారు 700 మి.మీ. ఉండే చక్రాలకి ఆ అంకె పెట్టి, టైరు లావుని బట్టి ఎ, బి, సి అని అక్షరాలు తగిలించారు. ఆ టైర్లు మారిపోయాయి, పేరు మిగిలిపోయింది. ఇవాళ 28 మి.మీ. వెడల్పున్న 700సి టైరు బయటి వ్యాసం 678 మి.మీ. దగ్గర ఉంటుంది. అంటే ఆ చక్రంలో 700 అనేది ఎక్కడా లేదు.

మనకి కావలసిన అసలు కొలత, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట ఉండే వ్యాసం. ఐఎస్ఓ 5775 అనే ప్రమాణం ప్రకారం దీన్ని టైరు పక్కన చిన్న అక్షరాలతో అచ్చు వేస్తారు. 32-630 అంటే టైరు వెడల్పు 32, కూర్చునే చోటు వ్యాసం 630 మి.మీ. ఆ లెక్కన మనకి తెలిసిన చక్రాలు ఇలా ఉంటాయి:

మన ఊళ్ళో పెద్ద సైకిలు (28 × 1½): 635
పాత అమెరికన్ రోడ్డు సైకిలు (27 × 1¼): 630
700సి: 622
"29 అంగుళాల" మౌంటెన్ బైకు: అదీ 622
మన ఊళ్ళో చిన్న సైకిలు (26 × 1⅜): 590
పాత మౌంటెన్ బైకు (26 × 1.95): 559

29 అంగుళాల చక్రం రిమ్ము 27 అంగుళాల చక్రం రిమ్ము కన్నా చిన్నది! 26 అని పేరున్న రెండు చక్రాలకి 31 మి.మీ. తేడా ఉంది. బోస్టన్ దగ్గర సైకిలు దుకాణంలో పనిచేస్తూ, 2008లో చనిపోయేదాకా ఇలాంటి వివరాలన్నీ ఓపిగ్గా రాసిపెట్టిన షెల్డన్ బ్రౌన్ దీనికొక సూత్రం చెప్పాడు: రెండు టైర్ల సైజులు లెక్క ప్రకారం సమానమే అయినా, ఒకదాని మీద భిన్నంలోనూ ఇంకోదాని మీద దశాంశంలోనూ రాసి ఉంటే అవి ఒకదాని బదులు ఒకటి పనికిరావు. మనలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది కొత్త కాదు. పేరు ఒకటే అయినంత మాత్రాన రెండు ఫైళ్ళు ఒకటి కావు కదా!

మార్చే ముందు కొలవవలసినవి

చక్రం మారిస్తే చక్రంతో పని అయిపోదు. అది ఫ్రేముతో, బ్రేకుతో, చైనుతో కలిసే ప్రతి చోటా కొలత సరిపోవాలి.

మొదటిది బ్రేకు. 630 నుంచి 622కి వస్తే వ్యాసంలో 8, అంటే వ్యాసార్థంలో 4 మి.మీ. తగ్గుతుంది. బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. రబ్బరు బిగించే గాడిలో అంత చోటుంటే సరే. మా సైకిలుకి ముందు చోటుంది, వెనక లేదు. రబ్బరు సగం రిమ్ము మీద, సగం టైరు మీద పడింది. అలా వదిలేస్తే టైరు కోసుకుపోయి పేలుతుంది. వెనక పొడుగు చేతుల బ్రేకు కొని వేశాను. కొనేముందు బ్రేకు బోల్టు మధ్య నుంచి రిమ్ము మధ్య దాకా స్కేలుతో కొలిచి, ఆ కొలత బ్రేకు పెట్టె మీద రాసిన హద్దుల్లో ఉందో లేదో చూసుకోవాలి.

రెండోది వెనక హబ్బు వెడల్పు. ఆరు గేర్ల కాలపు ఫ్రేములో వెనక ఇరుసు కూర్చునే చోటు 126 మి.మీ., నా చక్రం హబ్బు 130. ఒక్కో పక్క 2 మి.మీ. తేడా. నేనొక పక్క, నాన్నగారొక పక్క లాగి పట్టుకుంటే చక్రం కూర్చుంది. ఉక్కు ఇంతమాత్రం వంగి ఓర్చుకుంటుంది. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి, పగుళ్ళు వస్తాయి. ఆరు గేర్ల చోట ఎనిమిది గేర్లు వచ్చినా ఇబ్బంది లేకపోయింది. పాత గేరు లివరులో క్లిక్కులు ఉండవు కనుక చేత్తో ఎక్కడికి జరిపితే అక్కడ ఆగుతుంది.

మూడోది హ్యాండిలు. వంగి తొక్కే హ్యాండిలు తీసేసి నాన్నగారికి నిటారుగా కూర్చునే హ్యాండిలు వేశాను. దానికి పాత బ్రేకు లివర్లు పట్టలేదు. వంపు హ్యాండిలు గొట్టం 23.8, తిన్న హ్యాండిలు గొట్టం 22.2. సీటు గొట్టాల సైజులైతే 0.2 మి.మీ. తేడాతో వస్తాయి. కంటితో చూసి కనిపెట్టగలిగే తేడాలు కావివి. ఇరవై డాలర్ల కేలిపర్ ఒకటి కొనుక్కోవడం, మూడుసార్లు దుకాణానికి తిరగడం కన్నా చవక.

నేను చేసిన తప్పు

రిమ్ము చిన్నదైంది కాబట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య 4 మి.మీ. ఖాళీ పెరిగింది. ఇక్కడే నాకు ఆశ పుట్టింది. ఇంత చోటుంటే కాస్త లావు టైరు వేద్దాం, నాన్నగారికి కుదుపు తగ్గుతుంది అనుకుని 38 మి.మీ. టైర్లు వేశాను. సైకిలు స్టాండుకెక్కించి చక్రం తిప్పాను. ఎక్కడా తగల్లేదు. పాస్ అయినట్టే అనుకున్నాను.

మూడో రోజు నాన్నగారు సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చారు. రైలు వంతెన ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే వెనక "జర్రు"మని చప్పుడు, చక్రం ఎవరో పట్టుకున్నట్టు అయిందట. "ఏరా, చక్రం ఒట్టిగా తిప్పి చూశావా, మనిషిని ఎక్కించి చూశావా?" అన్నారు. నేను రోజూ ఆఫీసులో పక్కవాళ్ళకి చెప్పే మాట అది. విడిగా పరీక్ష చేస్తే చాలదు, మొత్తం కలిపి, నిజమైన బరువు వేసి చూడాలని.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. టైరు ఎత్తు దాదాపు దాని వెడల్పంత ఉంటుంది. పాత చక్రం వ్యాసార్థం 315 + 32 = 347. కొత్తది 311 + 38 = 349. అంటే నేను మిగిలిందనుకున్న 4 మి.మీ. పోగా ఇంకో 2 మి.మీ. ఎదురు ఖర్చు. పక్కల సంగతి ఇంకా అన్యాయం. రిమ్ము చిన్నదైతే పైన చోటు పెరుగుతుందేగాని పక్కల పెరగదు. పెడళ్ళ దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా వెళ్ళే రెండు గొట్టాలని చెయిన్‌స్టేలు అంటారు. వాటి మధ్య పాత టైరుకి ఒక్కో పక్క 5 మి.మీ. ఖాళీ ఉండేది. 38 టైరుకి 2 మిగిలింది. గాలి ఎక్కించాక టైరు నాలుగు రోజులు సాగుతుంది కూడా. కేలిపర్ పెట్టి కొలిస్తే 39 వచ్చింది. మిగిలింది ఒకటిన్నర.

అమెరికాలో సైకిళ్ళ భద్రతకి ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం చక్రాన్ని ఎలా తిప్పినా టైరుకీ ఫ్రేముకీ మధ్య కనీసం 1.6 మి.మీ. ఉండాలి. నాది అదీ లేదు. పైగా అది బొత్తిగా కనీసం. మనిషి బరువు వేసి తొక్కితే చక్రం పక్కకి ఊగుతుంది. ఒక్క స్పోకు తెగితే రిమ్ము కొన్ని మిల్లీమీటర్లు పక్కకి లాగేస్తుంది. నేను చేసిన ఇంకో పొరపాటు, ఇరుసు సరిగా బిగించకపోవడం. ఈ పాత ఫ్రేముల్లో ఇరుసు ముందుకీ వెనక్కీ జరిగే గాడిలో కూర్చుంటుంది. బిగింపు చాలకపోతే చైను కుడి పక్కని ముందుకి లాగుతుంది, టైరు ఎడమ గొట్టానికి రాసుకుంటుంది. చూస్తే ఎడమ గొట్టం లోపల పెయింటు గీరుకుపోయి ఉంది.

వెనక చక్రం పట్టేస్తే సైకిలు ఆగుతుంది. అదే ముందు చక్రం అయితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఆ సైకిలు ఎక్కించి రోడ్డు మీదికి పంపానని తలచుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఖాళీ పరీక్ష ఎలా చేయాలి

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఖరీదైన పనిముట్లేం అక్కర్లేదు.

1. టైరుకి మీరు రోజూ కొట్టే గాలి కన్నా తక్కువ కాకుండా, టైరు మీద రాసిన హద్దు దాటకుండా కొట్టి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి వెడల్పు కొలవండి. టైరు మీద రాసింది నమ్మకండి. రిమ్ము వెడల్పయితే అదే టైరు ఇంకొంచెం లావవుతుంది.

2. అలెన్ తాళాలు తీసుకోండి. 6 మి.మీ. తాళం, 4 మి.మీ. తాళం కొలబద్దలుగా పనికొస్తాయి. ముందు ఫోర్కు కాళ్ళ మధ్య రెండు పక్కలా, ఫోర్కు పై భాగం కింద, బ్రేకుల అడుగున, చెయిన్‌స్టేల మధ్య రెండు పక్కలా, సీటు కింది గొట్టం వెనకాల పెట్టి చూడండి. 6 దూరితే హాయి. 4 దూరకపోతే సన్న టైరుకి మారండి.

3. చక్రం నెమ్మదిగా తిప్పుతూ, ప్రతిచోటా అన్నిటికన్నా ఇరుకైన క్షణాన్ని చూడండి. సగటు కాదు, కనిష్ఠం లెక్క. ఎక్కువ ఊగితే ముందు బెండు తీయించండి.

4. ఫ్రేము లోపలి పక్కల మాస్కింగ్ టేపు అంటించి, సైకిలు ఎక్కి, ఒక మిట్ట గట్టిగా తొక్కుతూ ఎక్కండి. దిగి టేపు చూడండి. గీత పడితే టైరు తగిలినట్టే. చెవికి వినపడకపోయినా టేపుకి తెలుస్తుంది.

5. టైరులో గాలి ఉండగానే చక్రం తీసి మళ్ళీ పెట్టి చూడండి. గాలి తీస్తే గాని చక్రం బయటికి రాకపోతే దారిలో పంక్చరు వేసుకున్నాక మళ్ళీ చక్రం పెట్టలేరు.

6. పెడలు ముందుకి ఉంచి హ్యాండిలు తిప్పండి. పాదం టైరుకి తగులుతోందా? పాదం పట్టి ఉంచే క్లిప్పులు లేని సైకిళ్ళకి పెడలుకీ ముందు టైరుకీ లేదా మడ్‌గార్డుకీ మధ్య 89 మి.మీ. ఉండాలని అదే నిబంధన చెబుతుంది. నెమ్మదిగా వెళుతూ మలుపు తిరిగేటప్పుడు పడేది ఇక్కడే.

చివరికి ఏం చేశాను

38 టైర్లు తీసేసి 32 వేశాను. వెడల్పు మొదట సైకిలు చేసినవాళ్ళు పెట్టినంతే. కాబట్టి పక్కల మళ్ళీ 5 మి.మీ. వచ్చింది. పైన మాత్రం 347 పోయి 343 అయింది. ఫోర్కు కింద 8 ఉన్న ఖాళీ 12 అయింది. సైకిలు 4 మి.మీ. కిందికి దిగింది కాబట్టి నాన్నగారి కాలు నేలకి ఇంకాస్త బాగా అందింది. ఆయన మొదటి రోజు నుంచీ అడుగుతున్నది ఒకటుంది. "మడ్‌గార్డు లేకుండా సైకిలేమిట్రా, పంచె పాడవదూ?" అని. పైన మిగిలిన చోటులో మడ్‌గార్డులు పట్టాయి. ముందు దానికి, పుల్లో ఆకో ఇరుక్కుంటే కడ్డీ ఊడి వచ్చేసే ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టాను. టేపు పరీక్ష నేనే చేశాను, అదే వంతెన మీద. గీత పడలేదు.

ఆ తరవాత నాలుగు నెలలు నాన్నగారు వాన లేని రోజల్లా లైబ్రరీకి వెళ్ళి వచ్చారు. పాలు ఆయనే తెచ్చారు. నేను ఇంటికి వచ్చేసరికి చెప్పడానికి ఆయన దగ్గర ఏవో కబుర్లు ఉండేవి. అంతకు ముందు ఉండేవి కావు.

మీ గరాజులోనూ ఇలాంటి సైకిలు ఉండే ఉంటుంది. విప్పే ముందు ఒక కాగితం మీద రిమ్ము వ్యాసం, హబ్బు వెడల్పు, బ్రేకు దూరం, టైరు పక్కల ఉన్న ఖాళీ రాసి పెట్టుకోండి. పేరు చూసి కాక ఆ కాగితం చూసి కొనండి. ఆ నాలుగంకెలూ నేను మొదటి శనివారమే రాసుకుని ఉంటే మూడో శనివారం అక్కర్లేకపోయేది.

ఇప్పుడా సైకిలు గరాజులో మేకుకి వేలాడుతోంది. నాన్నగారు ఫోను చేసినప్పుడల్లా మనవళ్ళ చదువులు అడిగాక అడిగే మాట ఒకటే: "సైకిలుకి గాలి కొడుతున్నావా?"