మోగని గంటకయ్యే ఖర్చు

న్యూజీలండ్‌లో అద్దె ఇళ్ళకు పొగ అలారాలను తప్పనిసరి చేసిన నిబంధనలు 2016 జులై 1న అమలులోకి వచ్చాయి. ప్రతి పడకగదిలోనో, దాని వాకిలికి 3 మీటర్ల లోపలో ఒక అలారం ఉండాలి. కొత్తగా అమర్చే బ్యాటరీ అలారమైతే, ఆ బ్యాటరీ కనీసం 8 ఏళ్ళు నిలవాలి. చదవడానికి తేలికగా కనిపించే ఈ షరతును తీర్చడం అంత తేలిక కాదు.

8 ఏళ్ళంటే సుమారు 70,000 గంటలు. 1,400 మిల్లీఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ అంతకాలం రావాలంటే, పరికరం సగటున 20 మైక్రోఆంపియర్లకు మించి వాడుకోకూడదు. గంట మోగేది ఏళ్ళకొకసారి (తాలింపు మాడిన రోజులను లెక్కలోకి తీసుకోకపోతే). తక్కిన ఖర్చంతా ఆ క్షణం కోసం కాచుకుని ఉండటానికే.

తీగలు లేకుండా ఒకదానితో ఒకటి ముడిపడిన అలారాలలో ఈ చిక్కు మరీ ఎక్కువ. హాలులోది మోగితే పడకగదిలోదీ మోగాలి. అంటే ప్రతి అలారమూ రేడియో కబురు కోసం చెవి ఒగ్గి ఉండాలి. రేడియో గ్రాహకానికి 15 మిల్లీఆంపియర్లు కావాలనుకుంటే, నిరంతరం వింటూ ఉంటే పై బ్యాటరీ నాలుగు రోజులు కూడా రాదు. అందుకని గ్రాహకాన్ని నిద్రపుచ్చి, 5 సెకండ్లకొకసారి ఒక్క మిల్లీసెకండు మాత్రం మేల్కొలుపుతారనుకుందాం. దాని సగటు ఖర్చు 3 మైక్రోఆంపియర్లకు దిగుతుంది. కాకపోతే, కబురు పంపే అలారం 5 సెకండ్లకు పైగా ఎడతెగకుండా పిలవాలి. భారం వినేదాని మీంచి పిలిచేదాని మీదికి మారింది. పిలవడం అరుదు కనుక ఇది లాభసాటి బేరమే.

ఇక మోత. పలుచని లోహపు బిళ్ళకు అతికించిన పియెజో పింగాణీ, తన సహజ పౌనఃపున్యమైన 3,000 హెర్ట్‌జ్ ప్రాంతంలో, కొద్దిపాటి విద్యుత్తుకే పెద్దగా కూస్తుంది. బిళ్ళ మీదే మరో చిన్న ఎలక్ట్రోడు ఉంచి, కంపనాన్ని తిరిగి సర్క్యూటుకు అందిస్తే లయ తప్పదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అరసెకండు చొప్పున మూడు కూతలు, ఆపైన ఒకటిన్నర సెకండ్ల మౌనం. అంటే ప్రతి నాలుగు సెకండ్లలో మోగేది ఒకటిన్నర సెకండ్లే. జనం గుర్తుపట్టడం కోసం ఏర్పరచిన లయే అయినా, బ్యాటరీకీ మేలు చేస్తుంది.

మనిషి చెవినాళం కూడా ఇంచుమించు 3,000 హెర్ట్‌జ్ దగ్గరే అనునాదం చెందుతుంది. బిళ్ళకూ చెవికీ జోడీ చక్కగా కుదిరిందనిపిస్తుంది. కుదిరినది మెలకువగా ఉన్న, వినికిడి బాగున్న మనిషి చెవితో. వయసు పైబడినకొద్దీ ముందుగా మందగించేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడే. నిద్ర సంగతి వేరే ఉంది. పొరుగున ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన డొరొతీ బ్రక్ బృందం నిద్రపోతున్నవారిపై ప్రయోగాలు చేసింది. పిల్లలను, వృద్ధులను, మద్యం సేవించిన యువకులను, వినికిడి తగ్గినవారిని లేపడంలో మామూలు కీచుకూత కంటే 520 హెర్ట్‌జ్ చదరపు తరంగపు బొంగురు మోతే మెరుగని తేలింది.

చిన్న బిళ్ళ ఆ మోతను గట్టిగా పుట్టించలేదు. ఎక్కువ గాలిని కదిలించగల స్పీకరు కావాలి, దానికి ఎక్కువ కరెంటు కావాలి. బ్యాటరీ పొదుపు కోసం ఎంచుకున్న కూత, ఎవరిని లేపడం కష్టమో వారి దగ్గరే బలహీనపడుతోంది. వినికిడి బాగా తగ్గినవారికి దిండు కింద అదిరే పరికరాలున్నాయి; వాటిలో చాలావరకు ఇంటి కరెంటు మీదే నడుస్తాయి.