పూలు కలపని పూల వాసన

రాంగోపాల్‌పేట్ ఇరానీ చాయ్‌కి అలవాటుపడ్డ నాలుకకు చైనా ఊలాంగ్ టీ పలచగా తోస్తుంది. నిజమే, కానీ టీ గొప్పదనమంతా చిక్కదనంలోనే లేదు. ఫూజియాన్ ప్రావిన్స్‌లోని అన్‌షీలో తయారయ్యే తియెగ్వానిన్ అనే ఊలాంగ్‌నే తీసుకోండి. సంప్రదాయంగా అందులో పూలు కలపరు. కోసిన ఆకును వాడబెట్టి, వెదురు చేటల్లో కుదుపుతారు. నలిగిన అంచులు ఎర్రబారతాయి, నడుమ పచ్చగానే ఉంటుంది. ఆ నలుగుడుకు ఆకే మల్లెల్లో ఉండే ఇండోల్ లాంటి పరిమళాలను పుట్టిస్తుంది! తర్వాత వేడిచేసి ఆ మార్పును ఆపేస్తారు.

ఇంత సున్నితమైన వాసన పాలల్లో మునిగిపోతుంది, మరిగిస్తే ఆవిరైపోతుంది. అందుకే 100 మిల్లీలీటర్ల గిన్నెలో 5 గ్రాముల ఆకు వేసి, కాగిన నీళ్లు పోసి, అర నిమిషంలోపే వంపేయాలి. ఖరీదెక్కువ కదా అంటారా? అదే ఆకు ఐదారుసార్లు దిగుతుంది. చుట్టుకున్న ఆకు విప్పారే రెండో, మూడో కప్పులోనే పరిమళం నిండుగా ఉంటుంది.