పూటకూటి పంక్తి

పోయిన సంవత్సరము తరగతిలో కన్యాశుల్కము చెప్పుచు, పూటకూళ్ళమ్మ యనగా నెవరని విద్యార్థుల నడిగితిని. ముందు వరుసలోని యొక అమ్మాయి లేచి, "పూటకూళ్ళ అన్నది ఆమె ఇంటిపేరేమో నండీ" అనెను. తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. ఇంటికి వచ్చిన పిదప ఆ నవ్వు నాకు రుచింపలేదు. ఆ పిల్ల తప్పేమున్నది? పూటకూళ్ళ ఇంటిని ఆమె యెన్నడు చూచినది గనుక?

పూట యనగా దినములో నొక వేళ. కూడు అనగా వండిన అన్నము. దానికి బహువచనము కూళ్ళు. పూటకు ఇంత యని వెల పుచ్చుకొని అన్నము పెట్టు ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. మాట చిన్నదే కాని దాని వెనుక తెలుగువారి మనస్సులోని పెద్ద చిక్కు ఒకటి కలదు. అన్నము పరబ్రహ్మస్వరూపమని నమ్మినవారము. దానిని దానము చేయవలెనే గాని అమ్మరాదని పెద్దలు చెప్పిరి. అయినను బాటసారికి ఆకలి యగును. కచేరీ పనిమీద వచ్చిన రైతుకు ఆకలి యగును. పరాయి ఊరిలో చదువుకొను బాలునికి మరింత ఆకలి యగును. దాతలు అందరికిని, అన్ని పూటలును పెట్టజాలరు గదా! ధర్మమునకును ఆకలికిని నడుమనున్న ఆ సందులో పూటకూళ్ళ ఇల్లు వెలసినది.

ఈ ఇల్లు నిన్న మొన్నటిది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథుని కృతియే యని కొందరు పండితులు వాదించిన క్రీడాభిరామములో, సుమారు 600 ఏండ్ల నాటి పూటకూళ్ళ ఇల్లొకటి మనకు కనబడును. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో వినోదముగా తిరుగుచు భోజనవేళకు లక్ష్మణవజ్ఝల యింటిని తలతురు. ఒక రూక యిచ్చినచో అక్కడ లభించునవి యేవి? కప్పురభోగి బియ్యపు వంటకము, గోధుమపిండితో చేసిన భక్ష్యము, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కవి వంటకములతోపాటు వెలను గూడ పద్యములో నిమిడ్చినాడు. ఆ విస్తరిలో మిరపకాయ యుండుటకు వీలు లేదు. అది పోర్చుగీసువారి రాకతరువాత గాని మన దేశమునకు చేరలేదు. మిరపకారము లేని తెలుగు భోజనమును ఊహించుటయే మనకు కష్టము; కాని మన పూర్వులు దానిని తిని, మెచ్చి, కావ్యములో నిలిపిరి.

కాలక్రమమున ఈ ఇండ్లు పెక్కుచోట్ల భర్తను కోల్పోయిన స్త్రీల జీవనాధారమైనవి. చదువు లేదు, ఆస్తి లేదు, బయట ఉద్యోగము లేదు. చేతిలోనున్నది వంట యొక్కటే. దానిని నమ్ముకొని పిల్లలను పెంచినవారెందరో. కాని లోకము వారి వంట తిని వారిని చులకన చేసినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మొదట 1892లో విజయనగరములో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. అందు గిరీశము పూటకూళ్ళమ్మ చేతి అన్నము తినుచు ఆమె సొమ్మునే కాజేయును. ఆమె చీపురు పట్టుకొని వచ్చిన ఘట్టమునకు నేటికిని మనము నవ్వుదుము. ఆ చీపురు వెనుకనున్న కష్టార్జితమును మాత్రము తలపము.

నాటకమును విడిచి చరిత్రకు వత్తము. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు పదునొకండేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయిరి. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపిరి. ఆ వృత్తిని సంఘము తక్కువచూపు చూచిన కాలమది. ఆ రాబడియు చాలక, బాలుడైన ప్రకాశము కలిగినవారి ఇండ్లలో వారములు చేసికొని తినెను. వారములనగా ఆదివారమొక ఇంట, సోమవారమొక ఇంట భోజనము కుదుర్చుకొని చదువుకొనుట. పరీక్ష రుసుము మూడు రూపాయలకు దారిలేనప్పుడు ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టినది. ఆ పిమ్మట ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు తొలి ముఖ్యమంత్రియైనది ఆ పూటకూటింటి పిల్లవాడే. ఒక తల్లి పొయ్యి, ఒక ఉపాధ్యాయుని ఆదరము కలిసి ఎంత పని చేసినవో ఉపాధ్యాయలోకము గమనింపదగును.

అన్నము పెట్టినవారనగానే మనకు డొక్కా సీతమ్మగారు (1841–1909) స్ఫురింతురు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరములో, వచ్చినవారికి లేదనక వండి పెట్టిన పుణ్యమూర్తి ఆమె. ఆమెకు దక్కిన గౌరవము న్యాయమైనది. కాని పెట్టుటకు పొలము లేక, అమ్ముకొని బ్రదికిన సుబ్బమ్మగారి వంటివారు సీతమ్మగారికి ఏ విధముగా తక్కువ? వెల పుచ్చుకొన్నను మారు వడ్డించునప్పుడు లెక్క చూడని చేయి దానమునకు దూరమైనది కాదు.

రైలు వచ్చినది, కళాశాలలు వెలసినవి, జిల్లా కచేరీలు పెరిగినవి. పూటకూళ్ళ ఇల్లు క్రమముగా హోటలైనది. ఉడుపి ప్రాంతమువారు ఇడ్లీని సాంబారును ఊరూర పరచిరి. మాంసాహారము దొరకు చోటికి మిలిటరీ హోటలను పేరు స్థిరపడినది. విజయవాడ గాంధీనగరములోని బాబాయి హోటలు ఇడ్లీకి, కాకినాడలోని సుబ్బయ్యగారి హోటలు అరటియాకు భోజనమునకు పేరు వడసినవి. కర్నూలు, అనంతపురముల వైపు పోయినచో తెల్లవారగనే ఉగ్గాని, ప్రక్కన మిరపకాయ బజ్జీ. బొరుగులను నీటిలో నానబెట్టి పిండి తాలింపు వేసిన ఉగ్గానిని ఎరుగని కోస్తావాడు, మొదటిసారి దానిని చూచి ఉప్మాయని పొరబడును. రెండవసారి తానే అడిగి తినును.

హైదరాబాదు కథ వేరు. అక్కడ ఇరానీవారు తెరచిన చాయ్ హోటళ్ళు నగరమునకే ఒక గుర్తైనవి. పాలరాతి బల్ల, ఉస్మానియా బిస్కత్తు, ఒక కప్పు చాయ్ ఇద్దరు పంచుకొని గంటలకొలది కూర్చున్నను లేపని యజమాని. ఆబిడ్స్‌లోని ఓరియంటు హోటలులో కవులు, రాజకీయ కార్యకర్తలు చేరి వాదించుకొనెడివారు. ఆ హోటలు నేడు లేదు. 1952లో జరిగిన ముల్కీ ఆందోళనలో "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అను నినాదము ఆ నగర వీధులలోనే మ్రోగినది. వారి కోపము ఇడ్లీ మీద కాదు, ఉద్యోగములు అన్యులపాలగుచున్నవను బాధ అది. నేడు ఆ వీధులలోనే ఉదయము ఇడ్లీ బండి నిలువని మలుపు లేదు. మనుష్యులు ఒప్పుకొనుటకు ఎంతకాలము పట్టినను నాలుకలు త్వరలోనే ఒప్పుకొనును.

ఇంతవరకు తీపి చెప్పితిని. ఇక చేదు చెప్పకున్నచో కథ సగమే యగును.

మన భోజనశాస్త్రములో పంక్తియను మాట కలదు. పంక్తిలో కూర్చున్నవారికి ఒకరికొక తీరున, వేరొకరికి వేరొక తీరున వడ్డించుట పంక్తిభేదము. అది దోషమని పెద్దలే చెప్పిరి. కాని పంక్తిలో నెవరిని కూర్చుండబెట్టవలెనను ప్రశ్న వచ్చునప్పటికి ఆ పెద్దలే మౌనము వహించిరి. పూటకూళ్ళ ఇండ్లును, తొలినాటి హోటళ్ళును కులము నడిగియే ఆకు వేసినవి. "బ్రాహ్మణ భోజనశాల" యను పలక వీధికి సిగ్గుపడక వ్రేలాడెడిది. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణము, అంగళ్ళలోనికి, హోటళ్ళలోనికి పోవుటకు ఎవరినిని కులమతాదుల కారణమున అడ్డగింపరాదని శాసించినది. 1955లో అస్పృశ్యతను నేరముగా శిక్షించు చట్టము వచ్చినది. పలకలు దిగినవి. పల్లెలలోని టీ కొట్లలో మాత్రము రెండు గ్లాసుల పద్ధతి, ఒకరికి లోపలి గ్లాసు, మరొకరికి బయట గూటిలోని గ్లాసు, చట్టము వచ్చిన పిమ్మటను చిరకాలము సాగినది.

ఇది నేను గ్రంథములలో చదివి చెప్పుచున్న మాట కాదు. 1988లో కోస్తా పట్టణమొకదానిలో బి.ఏ. చదువుచుండగా, కళాశాల వెనుక వీధిలో ఒక మామ్మగారి మెస్సులో నా భోజనము. నెలకు అరువది టిక్కెట్ల పుస్తకము. కందిపచ్చడి, మజ్జిగపులుసు, ఇంగువ తగిలిన చారు. టిక్కెట్లు అయిపోయి ఇంటినుండి డబ్బు రాని వారమున ఆమె నన్నొక్కనాడును అడుగలేదు. "చదువుకునే పిల్లాడివి, ఆకలితో పడుకోకు నాయనా" అనెడివారు. ఆమె చేతి అన్నము లేనిదే నేను పట్టభద్రుడను కాకపోదును.

ఒకనాడు నా మిత్రుని వెంటబెట్టుకొని పోయితిని. ఆంగ్లములో నాకంటె గట్టివాడు, నెమ్మదస్థుడు. మామ్మగారు చిరునవ్వుతోనే, "మీ ఇంటిపేరేమిటి బాబూ? ఏ ఊరు?" అనిరి. అతడు చెప్పెను. ఆమె కోపగింపలేదు, గొంతు పెంచలేదు. "నువ్వలా వసారాలో కూర్చో బాబూ, అక్కడ గాలి బాగా వస్తుంది" అనిరి. లోపల పంక్తిలో రెండు విస్తళ్ళు ఖాళీగా నున్నవి. నేను చూచితిని. చూచి, లోపల కూర్చుంటిని. అతడు వసారాలో ఒంటరిగా తిని, తన విస్తరి తానే యెత్తి పారవేసి వచ్చెను. దారిలో "చారు బాగుందిరా" యని మాత్రమనెను. మరునాటినుండి బస్సుస్టాండు ప్రక్కనున్న మిలిటరీ హోటలులో తినుచుండెను. అక్కడ ఇంటిపేరడుగువారు లేరు, డబ్బులడుగువారే యుండిరి. నేను మాత్రము డిగ్రీ ముగియువరకు మామ్మగారి పంక్తిలోనే తింటిని. రుచికి కట్టువడితినని నాకు నేను చెప్పుకొంటిని. నిజమునకు నన్ను కట్టినది పిరికితనము.

మామ్మగారు నాకు అన్నము పెట్టిన మాటయు నిజము, నా మిత్రుని వసారాలో కూర్చుండబెట్టిన మాటయు నిజము. ఒకదాని కొరకు రెండవదానిని మరచుట సులభమే గాని అది కృతజ్ఞత కాదు.

ఆ మిత్రుడు నేడొక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. మొన్న ఫాల్గుణ మాసమున వారి బడికి పోయితిని. మధ్యాహ్నపు గంట మ్రోగినది. బడిలో వండిన అన్నము బిడ్డల హక్కని 2001లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి ఆ వడ్డన సాగుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో ఆ పథకమునకు సీతమ్మగారి పేరు పెట్టినది. పిల్లలు వరుసగా కూర్చుండిరి. వంటచేసిన అమ్మను పిలిచి, ఆమెతో ముందుగా తనకు వడ్డింపించుకొని, నా మిత్రుడు పిల్లల పంక్తిలో నేలమీద కూర్చుండెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. ముప్పదియేండ్లకు పైగా లోపల దాచిన మాటను అప్పుడు చెప్పి, క్షమింపుమంటిని. అతడు పప్పు కలుపుకొనుచు, "నువ్వు అప్పుడే లేచి వచ్చి నా పక్కన కూర్చుంటే సరిపోయేది కదరా. వసారాలో చోటు చాలానే ఉండేది" అనెను. అంతకుమించి ఒక్క మాట యనలేదు.

వంటమనిషి కులము చూచి బిడ్డల నా యన్నము తిననీయని తల్లిదండ్రుల వార్తలు ఒక రాష్ట్రమునుండి కాకున్న మరొక రాష్ట్రమునుండి నేటికిని వినవచ్చుచున్నవి. అట్టిచోట ఉపాధ్యాయుడు చేయు ఉపన్యాసముకంటె అతడు పంక్తిలో కూర్చుండి తిను ఒక్క ముద్ద మేలైన పాఠము.

మరి మన పట్టణముల మెస్సులు ఒకటొకటిగా మూతపడుచున్నవి. ఫోను తాకినంతనే పొట్లము గుమ్మమునకు వచ్చుచున్నది. అందులో ఇంటిపేరడుగు బాధ లేదు. మారు వడ్డించు చేయియు లేదు. పిల్లవాడు తలుపు వేసికొని ఒంటరిగా తినుచున్నాడు. దీనిని నిందించి ప్రయోజనము లేదు. పోయినదానిలో నుంచుకొనదగినదేదో, విడువదగినదేదో తెలిసికొనుట మన పని.

అందుచేత ఈ యేడు సెలవులకు నా విద్యార్థుల కొక పని చెప్పితిని. ఇతర ఉపాధ్యాయులును చెప్పినచో సంతోషింతును. మీ ఊరిలో ఒకప్పుడు పేరున్న పూటకూళ్ళ ఇల్లో, మెస్సో, కాకా హోటలో ఏదియో కనుగొనుడు. అక్కడ తిన్న పెద్దలను, వండిన పెద్దలను వెదకి మూడు ప్రశ్నలడిగి వ్రాసికొనుడు: ఏమి వండిరి? ఎంతకు పెట్టిరి? ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టిరి? మొదటి రెండింటికి జవాబులు సంతోషముగా వచ్చును. మూడవదానికి వృద్ధులు కొంతసేపు మాటాడకపోవచ్చును. అయినను ఆ ప్రశ్నను విడువకుడు.