మాత్ర మింగడం నేర్పేదెలా?

నేనిక్కడ అమెరికాలో ఫార్మసిస్టుని. కౌంటర్ దగ్గర మన అమ్మలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మావాడికి ఎనిమిదేళ్ళండీ, మాత్ర మింగడు. నూరి తేనెలో కలిపి ఇచ్చెయ్యనా?"

అన్ని మాత్రలకీ కుదరదండీ. కొన్ని రోజంతా కొద్దికొద్దిగా మందు వదిలేలా తయారవుతాయి. వాటిని నూరితే రోజుకి సరిపడే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. ప్రమాదం! అడగకుండా నూరకండి.

మింగడం నేర్పాల్సింది ఒంట్లో బాగున్న రోజునే. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో పోసే మన అలవాటు మాత్రకి పనికిరాదు, పొలమారుతుంది. కేకు మీద చల్లే చిన్న చక్కెర గింజలు తెచ్చుకోండి. పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టి, ఒక గుక్క నీళ్ళు తాగించి, నాలుక మీద ఒక్క గింజ పెట్టి, నీళ్ళతో మింగమనండి. అది తేలికయ్యాక కాస్త పెద్దది, ఆ తర్వాత టిక్‌టాక్ అంతది. రోజుకి ఐదు నిమిషాలు చాలు. మొరాయిస్తే మళ్ళీ చిన్న గింజకే రండి, కోప్పడకండి. మొదటినుంచీ మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లలైతే ముందు డాక్టరుని అడగాలి.

తల వెనక్కి వాల్చడం అందరం చేసేదే. క్యాప్సూల్‌కి మాత్రం అది తిరకాసు. తేలికగా ఉంటుంది కదా, నీళ్ళ మీద తేలి పళ్ళవైపే వస్తుంది. గడ్డం ఛాతీవైపు వంచి మింగితే గొంతువైపు తేలుతుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2014లో పెద్దవాళ్ళతో చేయించి చూసిన పద్ధతే ఇది.

పెరుగు చెంచాలో పెట్టి మింగించడం సులువే. అయితే పాలూపెరుగుల్లోని కాల్షియం కొన్ని యాంటీబయాటిక్స్‌ని ఒంటికి పట్టనివ్వదు, కనుక్కోండి. ఇంకొకటి, సాధన చేసేది మిఠాయితోనే అయినా మందుని ఎప్పుడూ మిఠాయి అనకండి. సీసా చేతికందితే పిల్లలు అలాగే తినేస్తారు.